డిమీటర్ గొంతులో నాగరత్నం ఏడుపు

నాగరత్నం ఆంటీ జీవితం గురించి నాలుగు పేజీలు రాసిమ్మని మా తెలుగువాళ్ళ సంచిక వాళ్ళు అడిగారు. రాసి పంపాను. "చాలా బాగుందండీ, కాస్త కోపం తగ్గించి ఇస్తారా?" అన్నారు. తగ్గించనన్నాను. వాళ్ళు వేసుకోలేదు. అదే ఇది, కోపంతో సహా.

టాంపినీస్‌లో ఆమెది మా పక్క ఫ్లాటు. వయసు అరవై దాటింది. పుట్టింది, పెరిగింది అంతా సింగపూర్‌లోనే. వాళ్ళ తాత తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి, సెంబవాంగ్ నౌకాస్థావరంలో కూలిపనికి కుదిరాడట. ఆయన ఊరు ఎలా ఉంటుందో ఈమెకు తెలియదు కానీ ఆయన యాస మాత్రం చెక్కుచెదరకుండా ఈమె నోట్లో ఉండిపోయింది. మధ్యమధ్య తమిళం, మలయ్ మాటలు కలుస్తుంటాయి. నేను విజయవాడ నుంచి కొత్తగా వచ్చినప్పుడు లిఫ్టు దగ్గర నన్ను ఆపి, "మకాన్ అయిందేటమ్మా?" అని అడిగింది. తిన్నావా అని అడుగుతోందని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో ఎవరైనా టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ చోప్ చేసుకుని, అంటే ఈ చోటు మాదని పట్టి పెట్టుకుని, పోతే, ఆమె ఆ పొట్లంలోంచే ఒక కాగితం లాగి మొహం తుడుచుకుని అక్కడే కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు గొణిగితే, "పొట్లం తింటాదేటి అన్నం? నాను తింటాను" అంటుంది. చాంగీ ఎయిర్‌పోర్టు పక్కన విమానాల్లో పెట్టే భోజనాలు సర్దే వంటశాలలో దాదాపు ముప్ఫయ్యేళ్ళు పనిచేసింది. చలిగది లోపల స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ట్రేలు నింపేది. భర్త తొందరగా పోయాడు. ఒక్క కూతురు, అలేఖ్య. ఆ పిల్లని చదివించి, అకౌంట్స్ ఉద్యోగంలో చూసుకుని, అనిల్‌కుమార్ అనే అతనికిచ్చి పెళ్ళి చేసింది. సింగపూర్‌లోనే ఇంకో పేట బిషాన్‌లో కాపురం పెట్టారు. వాళ్ళకి యోగిత పుట్టింది.

ఇంకొకటి చెప్పాలి. నాగరత్నం ఆంటీకి శోకాలు పెట్టడం వచ్చు.

ఓడల్లో వచ్చిన ఆ పాత కుటుంబాల్లో ఆడవాళ్ళు ఏడవడమంటే రుమాలుతో కళ్ళు ఒత్తుకోవడం కాదు. రాగం తీసి, పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, ఆ మనిషితోనే మాట్లాడతారు. నిష్ఠూరాలాడతారు. అత్తని, మొగుణ్ణి, దేవుణ్ణి తిడతారు. తమని తాము తిట్టుకుంటారు. ఎదురుగా అనలేని మాటలన్నీ అక్కడ అనెయ్యొచ్చు. దానికి ఉన్న కట్టుబాట్లు కొద్దే. చావు లేనిచోట శోకం ఎత్తకూడదు. బతికున్న మనిషి పేరు పెట్టి చచ్చినా ఎత్తకూడదు. శోకంలో విన్న మాటని శవం లేచాక ఎవరూ తిరిగి అనకూడదు. అందరి ముందూ తిట్లు తిన్న అత్త కూడా మర్నాడు "నన్ను అంత మాట అంటావా?" అని అడగదు. ఎవరికీ చెప్పుకోలేని బాధ చెప్పుకోవడానికి ఆడవాళ్ళకి దొరికిన చోటు అదొక్కటి. వినడానికి వందమంది ఉంటారు, బయట అనేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం అలేఖ్య తల్లి దగ్గరికి వచ్చింది. ఇక బిషాన్‌లో ఉండలేనంది. అనిల్‌కుమార్ కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. మాట్లాడడు, అంతే. నెలలో సగం రోజులు జకార్తాలోనో మనీలాలోనో ఉంటాడు, ఇంట్లో ఉన్న సగం రోజులూ ఫోన్లో ఉంటాడు. "ఆ ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నానమ్మా" అందట అలేఖ్య. "మాట్లాడకపోతే ఏటైపోద్ది? పిల్లకి పెద్ద పరీక్ష ఉంది. అది అయ్యాక చూద్దాం, ఎల్లు" అని నాగరత్నం ఆంటీ పంపేసింది. తరవాతి వారం, అనిల్‌కుమార్ ఊళ్ళో లేనప్పుడు, పట్టపగలు బిషాన్ ఫ్లాట్‌లో అలేఖ్యకి తలలో నరం చిట్లింది. పక్కన ఎవరూ లేరు. స్కూలు నుంచి వచ్చిన యోగిత చూసింది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. ఎవరైనా వెంటనే ఆస్పత్రికి తెచ్చి ఉంటే బతికేదేమో అన్నారు డాక్టర్లు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఈ సంగతి రాయొచ్చా అని ఆంటీనే అడిగాను. "నానే పంపానని రాసుకో. జరిగింది జరిగినట్టు రాసుకో. ఏడిసినప్పుడు అన్న మాటలు మాత్రం రాయకు" అంది. అందుకని ఆ మాటలు ఇందులో ఉండవు.

శవాన్ని మా బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో పెట్టారు. ఫ్లాట్ల కింద గోడల్లేకుండా స్తంభాలతో ఉండే ఖాళీ జాగా అది. ఇక్కడ పెళ్ళిళ్ళూ అక్కడే, చావులూ అక్కడే. ప్లాస్టిక్ కుర్చీల్లో అందరం కూర్చున్నాం. నాగరత్నం ఆంటీ శవపెట్టె మీద చెయ్యి వేసి శోకం ఎత్తింది. తను కూతుర్ని ఎలా పంపిందో, ఏమని పంపిందో అంతా చెప్పుకుని తనని తాను తిట్టుకుంది. ఆ సమయానికి యోగిత పైన మా ఇంట్లో ఉంది. తల్లి ఇల్లు వదిలి వచ్చిందని గానీ, అమ్మమ్మ వెనక్కి పంపిందని గానీ దానికి తెలియదు. అందరం విన్నాం. ఎవరం దాని దగ్గర నోరు జారలేదు. దానికి పదహారేళ్ళు దాటాక తనే చెప్తానని ఆంటీ ఒకసారి నాతో అంది.

ఆ రోజు వచ్చినవాళ్ళలో అరుణమ్మగారు, ఆవిడ కూతురు కీర్తిక ఉన్నారు. కీర్తిక లండన్‌లో సంగీతం రాయడం చదువుకుని వచ్చిన పిల్ల. ముప్ఫయ్యి లోపు వయసు, నిజంగా ప్రతిభ ఉన్న మనిషి. ఒక స్తంభం పక్కన ఫోన్ పట్టుకుని నిలబడింది. మెసేజ్ చూసుకుంటోందనుకున్నాను.

ఇక నా సంగతి. పగలు వన్-నార్త్‌లో ఒక వీడియో కంపెనీలో సబ్‌టైటిళ్ళు సరిచూస్తాను. సాయంత్రాలు ఒక ఒపెరా బృందం కోరస్‌లో పాడతాను. మన పద్యనాటకంలో పద్యానికీ పద్యానికీ మధ్య మాట ఉంటుంది, ఒపెరాలో చాలావరకు ఆ మాట కూడా పాటే. మా బృందం ఈ ఏడాది కొత్త ఒపెరా వేసింది. సంగీతం కీర్తికది. కథ గ్రీకు పురాణంలోది. పంటల దేవత డిమీటర్. ఆమె కూతురు పెర్సెఫొనీని పాతాళపు రాజు హేడీస్ ఎత్తుకుపోతాడు. తల్లి కోపంతో భూమినంతా ఎండబెడుతుంది. చివరికి దేవతలు దిగొచ్చి కూతుర్ని తిరిగి ఇమ్మంటారు. కానీ ఆ పిల్ల పాతాళంలో దానిమ్మ గింజలు తినేసింది కాబట్టి ఏడాదిలో కొన్ని నెలలు మొగుడి దగ్గరికి పోవాల్సిందే.

మా డైరెక్టర్ దీన్ని సింగపూర్‌కి తెచ్చాడు. పాతాళమంటే మెట్రో స్టేషన్ కింద బేస్‌మెంట్ మాల్ అన్నాడు. హేడీస్ సూటు వేసుకుని వచ్చి, పెర్సెఫొనీ కూర్చున్న టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి ఆమెను చోప్ చేసుకుంటాడు. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. పాత కథని కొత్త బట్టలేసి నిలబెట్టడం తప్పని నేను అనను. ఒపెరా పుట్టిన దగ్గర్నుంచీ జరుగుతున్నది అదే. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో మొట్టమొదటి ఒపెరాలకి గ్రీకు కథలే తీసుకున్నారు. చచ్చిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి ఆమెను మళ్ళీ పోగొట్టుకున్న గాయకుడి కథ వాటిలో ఒకటి. రాజుగారి పెళ్ళిలో ఆడాలి కదా, చావు బాగుండదని భార్య బతికొచ్చినట్టు మార్చేశారు. ఒకరి ఏడుపుని ఇంకొకరి పెళ్ళికి మేళంగా వాయించడం ఈ కళకి పుట్టుకతో వచ్చిన బుద్ధి. అయితే అప్పుడు వాళ్ళు వాడుకున్నది వేల ఏళ్ళ కిందటి ఏడుపుని. ఇరుగుపొరుగు ఇళ్ళలోంచి ఎత్తుకురాలేదు.

ప్రదర్శనకి రెండు రోజుల ముందు, మేకప్‌తో సహా రిహార్సల్. అప్పటిదాకా రెండో అంకంలో డిమీటర్ ఏడ్చేచోట కీర్తిక "ఇక్కడ ఒక సౌండ్ వస్తుంది, తరవాత పెడతాను" అంటూ వచ్చింది. ఆ రోజు పెట్టింది. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. డిమీటర్ వేషం వేసిన ఆమె నోరు తెరిచి నిలబడింది. ఆ నోట్లోంచి నాగరత్నం ఆంటీ గొంతు వచ్చింది.

నేను వెనక వరసలో నల్ల బట్టల్లో ఎండిపోయిన చెట్టులా నిలబడాలి. నిలబడ్డాను. "అలేఖ్యా" అన్న పిలుపు హాలంతా తిరిగింది. తల్లి తనని తాను తిట్టుకున్న ప్రతి మాటా వచ్చింది. స్టేజీ పైన ఇంగ్లీషులో అనువాదం పడింది. ఆ పని నేను రోజూ చేస్తాను కాబట్టి చెప్పగలను, ఒక్క తప్పు లేదు. పక్కన నిలబడ్డ చైనీస్ అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ ఒపెరా మొత్తానికి గొప్ప ఘట్టం అదే. గొప్పగా ఉంది కాబట్టే నా కడుపు మండిపోయింది.

విరామంలో కీర్తికని పట్టుకున్నాను.

"ఎక్కడిదిది?"

"గుర్తుపట్టారా అక్కా? నాగరత్నం ఆంటీది. ఎంత పవర్‌ఫుల్‌గా ఉందో చూశారా?"

"ఎవర్నడిగి తెచ్చావు?"

"వాయిడ్ డెక్ కదా అక్కా, పబ్లిక్ ప్లేస్. వందమంది విన్నారు."

"విన్నారు. ఒక్కరైనా బయట అన్నారా?"

"అదే కదా నా బాధ. ఎవరూ అనకపోతే ఆ రాగం పోతుంది. ఇంకో పదేళ్ళకి ఇలా ఏడ్చేవాళ్ళే ఉండరు. డిమీటర్ ఏడుపుకి నేను ఎన్నిసార్లు సంగీతం రాసినా అబద్ధంలా ఉంది. ఇది నిజం. దీన్ని నేను కాపాడుతున్నాను అక్కా."

దొంగలు కూడా వస్తువు పాడైపోకుండా కాపాడుతూనే ఉంటారని అన్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. అతను చాలా మర్యాదగా విన్నాడు. ఇంత ఆలస్యంగా మార్చడం కుదరదన్నాడు. ప్రోగ్రాం పుస్తకంలో ఆమె పేరు వేసి ప్రత్యేక కృతజ్ఞతలు చెప్తామన్నాడు. మొదటి రోజుకి మంచి సీట్లు రెండు ఇస్తామన్నాడు. ఆమె ఇష్టపడితే స్టేజీ మీదికి పిలిచి పూలగుత్తి ఇస్తారట. కూతురి చావు ఏడుపుకి పూలగుత్తి.

మర్నాడు పొద్దున్న ఆంటీ ఇంటికి వెళ్ళి చెప్పాను. వంటింట్లో ఎండు చేపలు కడుగుతోంది. విరుచుకుపడుతుందనుకున్నాను. కుళాయి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, ఒకటే అడిగింది.

"దాని పేరు కూడా ఇనిపిస్తాదా?"

"వినిపిస్తుంది ఆంటీ."

"నాను పంపిందీ?"

"అదీ ఉంది. పైన ఇంగ్లీషులో కూడా పడుతుంది."

అక్కడే స్టూలు మీద కూలబడింది. "యోగిత స్కూలోళ్ళని ఆ నాటకానికే తీసుకెల్తున్నారు. మంగళారం మజ్జానం ఆట. మొన్ననే సెప్పింది, కల్పన ఆంటీ చెట్టంట అని నవ్వింది. పిల్ల నాకాడికి వారం వారం వత్తాది కల్పనా. అదొక్కటే నాకు మిగిలింది. ఆ సీకట్లో, తోటి పిల్లల మజ్జిన కూకుని, ఆ మాట ఇంటాదా అది?"

నేను బృందంలోంచి మానేస్తానన్నాను. వద్దంది. "నువ్వు మానేస్తే అక్కడేటి జరుగుతుందో నాకెవులు సెప్తారు?" అంది.

అందుకని పాడాను. మొదటి రోజు పాడాను, శనివారం పాడాను, ఆదివారం పాడాను. ప్రతి ఆటలోనూ అదే చోట వెనక వరసలో నిలబడి ఆ శోకం మళ్ళీ విన్నాను. ఒకసారి వినాల్సింది. మనిషి పోయినప్పుడు ఒకసారి విని, వదిలెయ్యాల్సింది. టికెట్టు కొన్నవాళ్ళు పిన్‌డ్రాప్ నిశ్శబ్దంలో విని, ఆట అయ్యాక లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక పత్రికలో ఆ ఘట్టాన్ని తెగ పొగిడారు. నాగరత్నం పేరు ప్రోగ్రాం పుస్తకం చివరి పేజీలో, నీళ్ళ సీసాలు ఇచ్చిన కంపెనీ పేరు కింద పడింది. తీసెయ్యమని కీర్తికకి రోజూ చెప్పాను. పైన పడే ఇంగ్లీషు మాత్రం తీసేస్తాను, తెలుగు ఎవరికి అర్థమవుతుంది అంది. యోగితకి అర్థమవుతుందన్నాను. "వాళ్ళ జనరేషన్‌కి అంత తెలుగు రాదక్కా" అంది.

సోమవారం ఆట లేదు. కీర్తిక రిహార్సల్ గదిలో ఒక్కతే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. నేను నాగరత్నం ఆంటీని తీసుకుని వెళ్ళాను. కీర్తిక లేచి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఆంటీ కూర్చోలేదు.

"ఆ తల్లి పేరేటన్నారు?"

"డిమీటర్, ఆంటీ."

"ఆవిడ కూతురు ఆవిడకి తెలీకుండా పోయిందా, తెలిసే పోయిందా?"

"తెలియకుండానే. హేడీస్ ఎత్తుకుపోయాడు."

"మరి నా కూతురు నాను పంపితే ఎల్లింది. ఆవిడ దొంగని తిట్టుకుంటాది. నాను నన్ను తిట్టుకున్నాను. నన్ను నాను తిట్టుకున్న తిట్టు తీసుకెల్లి ఆవిడ నోట్లో ఎలాగెట్టావు? ఆవిడకీ నాకూ ఏటి సంబంధం?"

కీర్తిక తడబడింది. ఏ తల్లి బాధైనా ఒకటేననీ, కళలో అలా కలిసిపోతాయనీ, అది ఆంటీకి నివాళి అనీ చెప్పుకుంటూ పోయింది. ఆంటీ మొత్తం విన్నది.

"మీ అమ్మ బాగుందా?"

"బాగుంది ఆంటీ."

"అరుణమ్మ పేరు పెట్టి ఒక శోకం తియ్యి. ఇక్కడే. నానింటాను. రాగం నీకు వచ్చు కదా, నా కాడ ఎత్తుకెల్లావు."

కీర్తిక నవ్వబోయింది. ఆంటీ నవ్వలేదు. ఆ పిల్ల నావైపు చూసింది, నేనూ నవ్వలేదు.

"అమ్మ బతికే ఉంది కదా ఆంటీ."

"ఉంటే? వట్టి సౌండే కదా. మీ అమ్మ ఇక్కడ లేదు, ఇనదు. 'ఓయమ్మా అరుణమ్మా, నన్నొదిలి పోయావా' అను. ఒక్క ముక్క చాలు. నాను ఇంటికెల్లిపోతాను, నీ ఒపెరా జోలికి మళ్ళీ రాను."

కీర్తిక నోరు తెరిచింది. రాలేదు. గొంతు సవరించుకుంది. మళ్ళీ తెరిచింది. లండన్‌లో చదువుకున్న పిల్ల, రాహుకాలం అంటే వెక్కిరించే పిల్ల, చావునీ పాతాళాన్నీ మూడు అంకాలుగా రాసిన పిల్ల, కన్నతల్లి పేరు పెట్టి ఆ ఒక్క ముక్క అనలేకపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"సరే మరి," అంది నాగరత్నం ఆంటీ. "నీకు తెలుసు అది వట్టి సౌండు కాదని."

మంగళవారం మధ్యాహ్నం ఆటలో ఆ శోకం లేదు. ఆ చోట డిమీటర్ నోరు తెరిచి నిలబడింది, ఏ చప్పుడూ రాలేదు. స్కూలు పిల్లలు ఏదో చెడిపోయిందనుకుని గుసగుసలాడుకున్నారు. వెనక వరసలో నాకు ఊపిరి తిరిగింది. ఆట అయ్యాక కీర్తిక వచ్చి, ఇక ఏ ఆటలోనూ పెట్టనని చెప్పింది. నేను థాంక్స్ చెప్పలేదు. ఎత్తుకుపోయింది తిరిగిచ్చినందుకు థాంక్స్ ఏమిటి?

ముఖానికి రంగు తుడుచుకుని బయటికొస్తే వెనక గేటు దగ్గర యోగిత నిలబడి ఉంది. యూనిఫాంలో ఉంది, టీచర్‌కి చెప్పి ఆగిపోయిందట. పద్నాలుగేళ్ళ పిల్ల మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకు తీసేశారు ఆంటీ?"

"ఏం తీసేశారమ్మా?"

"డోంట్ యాక్ట్, లా, తెలియనట్టు. సాటర్‌డే షోలో ఉంది. డాడీ ఫ్రెండ్ చూశాడు, డాడీకి ఫోన్ చేసి చెప్తుంటే విన్నాను. అమ్మమ్మ వాయిస్. మమ్మీ పేరు. అమ్మమ్మే మమ్మీని వెనక్కి పంపిందని పైన ఇంగ్లీషులో పడిందట. నేను ఈ రోజు దాని కోసమే వచ్చాను. వై మై షో ఓన్లీ?"

నువ్వు వినకూడదని అన్నాను. అనగానే అదెంత దరిద్రమైన జవాబో నాకే తెలిసింది.

"ఎవ్రీబడీ కెన్ హియర్," అంది యోగిత. "డబ్బులిచ్చి కొన్నవాళ్ళు, ఎవరెవరో, టూరిస్టులు. ఓన్లీ మీ కెనాట్. షీ ఈజ్ మై మదర్."

టాంపినీస్ దాకా ట్రైన్లో నా పక్కనే కూర్చుంది. మేం పెద్దవాళ్ళం అంతా కలిసి, ఊరంతా విన్నదాన్ని ఆ ఒక్క పిల్లకి వినపడకుండా చేసి, రక్షించామని అనుకున్నాం. కీర్తిక మీద పెంచుకున్న కోపమంతా దారి మధ్యలో నా మీదికే తిరిగింది.

తలుపు తీసిన నాగరత్నం ఆంటీ మనవరాలిని చూసి, "మకాన్ అయిందా?" అంది. యోగిత చెప్పులు కూడా విప్పలేదు.

"నువ్వు మమ్మీని వెనక్కి పంపావా?"

ఆంటీ నా వైపు చూసింది. తరవాత పిల్ల వైపు చూసింది. ఆమె బొంకదని నాకు తెలుసు, అయినా ఆ క్షణంలో బొంకితే బాగుండనిపించింది.

"పంపాను," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"బయమేసింది. తెలిస్తే నువ్వు నాకాడికి రావడం మానేత్తావని."

"నాకు నీ మీద చాలా కోపంగా ఉంది."

"ఉండనీ. ఉండాల. నాకూ నా మీద ఉంది."

యోగిత గోడకి ఆనుకుంది. తిడుతుందని, వెళ్ళిపోతుందని ఎదురుచూశాను. వచ్చిన ప్రశ్న నేను కలలో కూడా అనుకోనిది. ఎప్పుడూ ఇంగ్లీషులోకి జారిపోయే పిల్ల, దాన్ని పూర్తిగా తెలుగులో అడిగింది.

"అమ్మమ్మా, అమ్మ ఆ రోజు ఒక్కతే వచ్చేద్దామనుకుందా? నన్ను డాడీ దగ్గర వదిలేసి?"

శనివారం నుంచి ఆ పిల్లని కోస్తున్నది ఇదన్నమాట. అమ్మమ్మ తప్పు కాదు. మేమంతా దాచిపెట్టింది ఒకటి, అది భయపడింది ఇంకొకటి. నాగరత్నం ఆంటీకి కూడా అప్పుడే అర్థమైంది. ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. వెళ్ళి పిల్ల రెండు భుజాలూ గట్టిగా పట్టుకుంది.

"నిన్నొదిలేసా? ఎవులన్నారే ఆ మాట? అది పెట్టె తెచ్చుకుంది, అందులో సగం నీ బట్టలే. నీ స్కూలు యూనిఫారం, నీ బూట్లు, పరీచ్చకి సదివే పుస్తకాలు కూడా ఏసుకొచ్చింది. 'సాయంత్రం స్కూల్నించి దాన్ని ఇటే తెచ్చేస్తానమ్మా, ఇక్కడ్నించే పరీచ్చలు రాస్తాది' అంది. అన్నీ తీసి మంచం మీద పెట్టింది. నానే మళ్ళీ అన్నీ సర్దేసాను. జిప్పు పడకపోతే మోకాలెట్టి నొక్కి మరీ పంపాను."

యోగిత ఏడవలేదు. మొత్తం విన్నది. అమ్మమ్మ చేతులు తన భుజాల మీద ఉండనిచ్చింది, తను మాత్రం ఆమెను పట్టుకోలేదు.

"ఇది ఆ రోజు కింద ఏడ్చినప్పుడు చెప్పావా?"

"లేదు. పెట్టె సంగతి నోటికి రాలేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులికీ సెప్పలేదు."

యోగిత నా వైపు తిరిగింది. కళ్ళలో కోపం అలాగే ఉంది.

"ఆంటీ, మీరు మ్యాగజైన్‌లో అమ్మమ్మ గురించి రాస్తానన్నారు కదా. మా అమ్మ నా బట్టలు కూడా సర్దిందని రాయండి. దట్ వన్ ద ఒపెరా పీపుల్ డోంట్ హ్యావ్."